ఇంట్లో ఐదుగురమే

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురం: నాన్నమ్మ, అమ్మ, నాన్న, బాబాయి, నేను. నా డైరీలో ప్రతి పేజీకీ మొదటి వరుస ఇదే, ఆ రోజు ఇంట్లో ఎవరెవరున్నారో. ఊళ్ళో అమ్మమ్మ దగ్గర బడికి వెళ్ళినన్నాళ్ళూ ఆ వరుసలో ఇద్దరమే ఉండేవాళ్ళం. పదో తరగతి పరీక్షలు రాసి అమ్మానాన్నల దగ్గరికి వచ్చాక ఐదుగురమయ్యాం. ఆ వేసవి పొడుగునా ఐదుగురమే. ఒకరు తగ్గలేదు, ఒకరు పెరగలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత చెబితే నమ్మరు.

అది మాకు కొత్త ఇల్లు. దిగి పది రోజులే అయింది. మూడు గదులు రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. ముందు గదిలో కుర్చీ, మధ్యలో వంట, చివర బాబాయి గది. ఆ చివరి గదికి కిటికీ ఉంది గానీ దాని ఎదురుగా పక్కింటి గోడ, చెయ్యి చాస్తే అందేంత దగ్గర. చుట్టుపక్కల ఎవరికీ మేం తెలియదు. నాకు అదే బాగుండింది. కొత్తవాళ్ళు పలకరిస్తే నాకు నోరు పెగలదు.

నాన్న పద్దెనిమిదేళ్ళుగా టాక్సీ నడుపుతున్నాడు. ఆ వేసవిలో రవాణా ఆఫీసు టాక్సీల తీరు మొత్తం మార్చేసింది. పెద్ద రోడ్లు బస్సులకి వదిలెయ్యాలి. పది నిమిషాలకో బస్సు వస్తుంది. బస్సు దిగినవాళ్ళని సందుల్లోకి, ఇంటి గుమ్మందాకా చేర్చడమే ఇక టాక్సీ పని. ఒక్కో బస్‌స్టాపుకి నాలుగే కార్లు. ఎవరి పాత స్టాండూ వాళ్ళకి ఇవ్వలేదు. నాన్నకి ఊరికి ఆ చివర స్టాపు వచ్చింది కాబట్టే ఇల్లు మారాం. కారు ఎవరిదో వాళ్ళే నడపాలి, పదేళ్ళు నడిపిన అనుభవం ఉండాలి, కంటి పరీక్ష నెగ్గాలి. మూడు నెలలు చూసి, కుదిరినవాళ్ళ కారు నెత్తిన ఆకుపచ్చ పలక బిగిస్తారు. ఆ తర్వాత పలక లేని కారు అద్దెకి తిరగకూడదు.

ఆ మధ్యాహ్నం నాన్న డాక్టరు దగ్గర్నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతూ అన్నాడు, కరెంటు పోయిందని చెప్పినంత మామూలుగా.

“ఎడమ కంటి నరం ఎండిపోతోందట.”

“మందులేం లేవా?” అంది అమ్మ.

“ఉన్నదాన్ని నిలబెట్టడానికి ఉన్నాయి. పోయింది రాదట.”

నాన్నమ్మ ఉల్లిపాయలు ఒలుస్తోంది. ఒలవడం ఆపలేదు. “ఆఫీసువాళ్ళ కంటి పరీక్ష ఎప్పుడు?”

“ఎల్లుండి. వెళ్ళి లాభం లేదులే అమ్మా. వాళ్ళ రూలు తప్పని నేననను. పోయిన నెల ఎడమ పక్కనుంచి సైకిలొచ్చింది. అది నాకు కనపడలేదు. గంట వినపడితే బ్రేకు వేశాను.”

నాన్నమ్మ ఇంకో ఉల్లిపాయ అందుకుని, “చిన్నోడి కళ్ళు బాగానే ఉన్నాయిగా,” అంది.

బాబాయి మంచం మీద పడుకుని పాత వారపత్రిక తిరగేస్తున్నాడు. నవ్వాడు. “నాకు లైసెన్సొచ్చి నాలుగేళ్ళేనమ్మా. పదేళ్ళుండాలి.”

“నిన్ను నీ పేరుతో పొమ్మన్నానట్రా?”

నాన్నకీ బాబాయికీ ఏడేళ్ళ తేడా. అయినా ఒకే అచ్చులో పోసిన ఇటుకల్లా ఉంటారు. నాన్న మీసం కాస్త దట్టం, బాబాయి పాపిడి పక్కకి. తేడా అంతే. ఆ తేడాని ఆ సాయంత్రం అద్దం ముందు నాన్నే సరిచేశాడు. బాబాయి తల పట్టుకుని దువ్వుతూ, “కదలకురా, పెళ్ళికొడుకువి నువ్వు,” అంటుంటే అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను. డైరీలో ఉంది.

“మూడు నెలలేరా,” అంది నాన్నమ్మ. “పలక వచ్చాక ఎవరి పేరు వాళ్ళది.”

నాన్న చొక్కా వేసుకుని బాబాయి పరీక్షకి వెళ్ళాడు. అక్షరాలన్నీ చదివేశాడు, కింది వరుస చీమ తలలంత ఉన్నవి కూడా. అక్కడే ఫొటో తీసి కార్డు ఇచ్చారు. ఆ కార్డు డ్రైవరు సీటు వెనక, ఎక్కినవాళ్ళకి కనపడేలా అతికించారు. నాన్న పేరు, నాన్న పుట్టిన తేదీ, బాబాయి మొహం.

మర్నాడే ఇంటి వివరాలు రాసుకోవడానికి ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. నూలు చీర, భుజాన గుడ్డ సంచీ, మెత్తటి మాట. తనిఖీ మేడం అనేవాళ్ళం. ఆవిడ కూడా బస్సులోనే వచ్చింది.

“ఇంట్లో ఎంతమందండీ?”

“ఐదుగురం,” అంది నాన్నమ్మ. “వీడు నా పెద్దకొడుకు, కారు నడిపేది. వాడు చిన్నవాడు.”

నాన్న లేచి నిలబడి చేతులు జోడించాడు.

“మీరేం చేస్తారు?” అనడిగింది మేడం.

“చూస్తున్నానండి. ఏదో ఒకటి దొరక్కపోతుందా అని.”

అది నాలుగేళ్ళుగా బాబాయి అందరికీ చెప్పే సమాధానం, అదే ఈలపాట గొంతుతో. మేడం వెళ్ళాక బాబాయి నవ్వలేక కడుపు పట్టుకున్నాడు. “నా ఉద్యోగం కూడా లాక్కున్నావు కదరా అన్నయ్యా,” అన్నాడు.

అప్పుడు నాన్నమ్మ ఒక కట్టుబాటు పెట్టింది. “మేడం ఎప్పుడొస్తుందో తెలీదు. ఆవిడ ముందు మాత్రమే మార్చి పిలుద్దామంటే కుదరదు. నాలుక జారితే కారు జారుతుంది. ఇంట్లో కూడా అలాగే పిలవండి. అద్దింటి గోడలకి చెవులు ఇంకాస్త పెద్దవి.”

నాన్నమ్మకి ఒక్క పూట పట్టింది. నాన్నని “చిన్నోడా”, బాబాయిని “పెద్దోడా” అనడం, వంకాయని బీరకాయ అన్నంత తేలిగ్గా చేసేసింది. అమ్మకి చేతకాలేదు. అమ్మ నాన్నని ఎప్పుడూ పేరు పెట్టి పిలిచిన మనిషి కాదు, “ఏమండీ” అంటుంది. ఆ మాట మరిదితో ఎలా అంటుంది? ఎవరితో ఏం చెప్పాలన్నా గరిటెతో గిన్నె మీద ఠంగుమని కొట్టేది. ఇద్దరూ తిరిగి చూసేవాళ్ళు.

నేను ఎవరినీ ఏమీ పిలవడం మానేశాను. నాకది కష్టం కాదు. నేను మాట్లాడేదే తక్కువ, అందుకే నాన్న నన్ను “పిట్టా” అంటాడు. బాబాయైతే ఎప్పుడూ ఏదో రాసుకుంటానని, జడ చివర పట్టి లాగి, “ఏం మేడం గారూ, మా గురించేనా?” అంటాడు. డైరీ సంగతి కూడా నాన్నమ్మ వదల్లేదు. “అందులో కూడా అలాగే రాయి. కాగితం నోరు మూసుకోదు,” అంది. ఆ రోజు నుంచి డైరీలో నాన్న అని ఉన్నచోట బాబాయి. బాబాయి అని ఉన్నచోట నాన్న. ఇక్కడ మాత్రం ఎవరిని వాళ్ళుగానే రాస్తున్నాను, కుదిరినంత వరకు.

మొదట్లో నాన్న చివరి గదిలో కూర్చుని కారు చప్పుడు కోసం చెవులు రిక్కించేవాడు. భోజనానికి బాబాయి సందు మలుపు తిరగ్గానే, “క్లచ్ మీద కాలు పెట్టి తొక్కుతున్నాడు. అరిగిపోతుంది,” అనేవాడు. బాబాయి లోపలికి రాగానే పాఠం మొదలు. బండి తీసేముందు బానెట్ మీద రెండుసార్లు తట్టు, కింద పిల్లులుంటే లేచిపోతాయి. మోకాళ్ళ నొప్పులవాళ్ళు దిగేటప్పుడు తలుపు మీరు తియ్యకండి, నేను తీస్తానని చెప్పు. బాబాయి బుద్ధిగా వినేవాడు.

నెల తిరక్కముందే క్లచ్ చప్పుడు మారింది. రోజూ మధ్యాహ్నం సందు మలుపులో వినపడేది నాన్న నడిపే కారే. నేను కళ్ళు మూసుకుని వింటే తేడా తెలిసేది కాదు.

ఒకరోజు నాన్నమ్మ మందుల కోసం నన్ను బజారుకి పంపింది. తిరిగొస్తూ స్టాపు దగ్గర బాబాయి కారెక్కాను. అప్పుడే బస్సు ఆగింది. రెండు సంచులతో ఒక పెద్దావిడ దిగి వెనక సీట్లో నా పక్కన కూర్చుంది. “ఈ కార్లు పెట్టాక ప్రాణం హాయిగా ఉంది నాయనా. ఇదివరకు ఈ సందుల్లోకి ఒక్కడూ వచ్చేవాడు కాదు,” అంది. తర్వాత నన్ను చూసి, “ఈ పిల్లెవరు?” అంది.

“మా అమ్మాయండి,” అన్నాడు బాబాయి అద్దంలోంచి. “నోట్లో నాలుక లేదు గానీ, ఇది పుట్టిన రోజు ఎంత హడావిడి చేసిందనుకున్నారు. ఒకటే వాన. వైపర్ పనిచెయ్యలేదు. చెయ్యి బయటపెట్టి అద్దం తుడుచుకుంటూ ఆస్పత్రికి పోయాను. దారిలో వంతెన దగ్గర కారు ఆపుకుని ఎందుకో ఏడ్చాను కూడా.”

వాన సంగతి, వైపర్ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. నాన్న వందసార్లు చెప్పాడు. వంతెన దగ్గర ఏడవడం నేనెప్పుడూ వినలేదు. ఇంటికొచ్చి అమ్మనడిగాను. అమ్మ కడుగుతున్న గిన్నె చేతిలోనే ఉండిపోయింది.

“ఆ మాట మీ నాన్న నాకొక్కదానికే చెప్పారు,” అంది. “నీకెవరు చెప్పారు?”

నాకు కార్డు మీది ఫొటో గుర్తొచ్చింది. దారి పొడుగునా నా ఎదురుగా ఉంది అది. ఎండకి కాస్త వెలిసింది. మొదట్లో పేరు నాన్నది, మొహం బాబాయిది అనిపించేది. ఆ రోజు ఎంత చూసినా తప్పేమీ కనపడలేదు.

ఎండలు ముదిరాయి. నాన్న చివరి గదిలోంచి బయటికి రావడం తగ్గించాడు. ఎవరూ వద్దనలేదు. ముందు గదిలో కుర్చీ నాన్నది. అందులో ఇప్పుడు బాబాయి కూర్చుంటున్నాడు, అలసి వచ్చినవాడు కదా. నాన్న బాబాయి మంచం మీద పడుకుని బాబాయి వారపత్రికలు చదివేవాడు. నేను ఊరి నుంచి వచ్చినప్పుడు, అక్షరాలు ముసురుకుంటున్నాయని నాన్న పేపరు నా చేత చదివించుకునేవాడు. ఒక మధ్యాహ్నం నాన్నమ్మ సూదిలో దారం ఎక్కించలేక సతమతమవుతుంటే నాన్న తీసుకుని, కిటికీ వైపు ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి ఒక్కసారికే ఎక్కించేశాడు. నేను ఎదురుగానే కూర్చున్నాను. మూసింది కుడి కన్ను.

“నీ కన్ను నయమైందా?” అన్నాను గుసగుసగా.

“నా కన్నుకేమైంది?” అన్నాడు నాన్న.

ఆ వారంలోనే బాబాయి ఎడమ కన్ను నులుముకోవడం మొదలుపెట్టాడు. దుమ్ము అన్నాడు.

ఇంకో రోజు అమ్మా నాన్నమ్మా కూరగాయలకి వెళ్ళారు. ఇంట్లో నాన్నా నేనూ ఇద్దరమే. కారు చప్పుడు వినపడింది. వినేవాళ్ళెవరూ లేరు కదా అని ధైర్యం తెచ్చుకుని చివరి గది గుమ్మంలో నిలబడి, “నాన్నా, కారొచ్చింది,” అన్నాను. అలా పిలిచి రెండు నెలలు దాటింది.

నాన్న వారపత్రిక మీంచి తల ఎత్తకుండా, “అన్నయ్య వచ్చేశాడా?” అన్నాడు.

పరాచికమేమో అని కాసేపు అలాగే నిలబడ్డాను. నాన్న పేజీ తిప్పాడు. చిన్నగా ఈల వేస్తున్నాడు. నాన్నకి ఈల వెయ్యడం రాదు.

ఆ రోజు డైరీలో ఒక మాట రాసుకున్నాను. పలక వచ్చిన రోజు, ఎవరికంటే ముందు నేనే వెళ్ళి నాన్నని నాన్నా అని పిలవాలి. గట్టిగా, ఇల్లంతా వినపడేలా. నాన్నమ్మ గీసిన గడువుకి ఇంకా ఇరవై రెండు రోజులున్నాయి. రోజుకొకటి కొట్టేస్తూ వచ్చాను.

అమ్మ గిన్నె కొట్టడం ఎప్పుడు మానేసిందో నాకు తెలియదు. ఒక మధ్యాహ్నం అందరం భోజనాలకి కూర్చున్నాం. అమ్మ చేతిలో అన్నం గిన్నె. “ఏమండీ, ఇంకాస్త పెట్టనా?” అంది. “చాలు,” అన్నాడు బాబాయి. నాన్న తల ఎత్తలేదు. వినపడనట్టు కాదు. పక్కింట్లో ఎవరినో పిలిస్తే మనం ఎలా ఉంటామో అలా ఉన్నాడు. అమ్మ చెయ్యి గాల్లోనే ఆగింది. తర్వాత నా కంచంలో వడ్డించింది, నేను అడక్కపోయినా.

మేడం వేసవి చివర వచ్చింది. పొద్దున పది గంటలు. ఆ రోజు కూడా ఇంట్లో ఐదుగురమే. సంచీలోంచి ఆకుపచ్చ పలక అంచు కనపడుతోంది. ఇంకొక్క అరగంట అనుకున్నాను.

ఆవిడ ముందు గది గోడకి అక్షరాల కాగితం తగిలించి బాబాయిని చదవమంది. బాబాయి కింది వరుస దాకా చదివాడు. కాకపోతే తల కాస్త ఎడమకి తిప్పి, కుడి కన్ను ముందుకి పెట్టి చదివాడు. నేను ఊరి నుంచి వచ్చిన కొత్తలో నాన్న టీవీ చూసేది అలాగే.

“బాగుంది,” అంది మేడం. “ఒక్క చిన్న అనుమానం. ఏమీ అనుకోకండి.” సంచీలోంచి రెండు ఫొటోలు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి ఆఫీసులో దొరికిన నాన్న పాత పర్మిట్‌ది. రెండోది కార్డు మీదిది. “పోలికలున్నాయి, కాదనను. కానీ పాత ఫొటో కన్నా కొత్తదాంట్లో వయసు తక్కువ కనిపిస్తోంది. అలా ఎక్కడైనా జరుగుతుందా?”

“పస్తులుంటే ఎవరైనా సన్నబడతారమ్మా,” అంది నాన్నమ్మ. “సన్నబడితే చిన్నవాళ్ళలా కనిపిస్తారు. నన్ను చూడు.”

మేడం నవ్వింది గానీ ఫొటోలు తియ్యలేదు. గదిలో అందరినీ ఒకసారి చూసి నా దగ్గర ఆగింది. “నువ్వు చెప్పమ్మా. ఈ రెంట్లో మీ నాన్నగారు ఎవరు?”

అమ్మ వంటగది గుమ్మం పట్టుకుంది. నేను ఫొటోల మీదికి వంగాను. నేను అబద్ధం వెతుక్కుంటున్నానని వాళ్ళనుకున్నారేమో. నిజంగానే చూశాను. రెండు మొహాలూ నన్నే చూస్తున్నాయి. ఎవరి ఎడమ కన్ను మసకో ఫొటోలో తెలియదు.

“రెండూ నాన్నే,” అన్నాను.

“ఊఁ.” ఆవిడ మధ్య గది మీదుగా చివరి గది వైపు చూసింది. ఆ తలుపు ఓరగా తెరిచి ఉంది. మంచం మీంచి వేలాడుతున్న కాళ్ళు, వారపత్రిక కనపడుతున్నాయి. “మరి లోపలున్నాయన?”

ఆ మాట చెప్పాల్సిన పని నాకు ఆ వేసవి అంతా పడలేదు. తప్పించుకుంటూ వచ్చాను. నిజం చెబితే సంచీలో పలక సంచీలోనే వెళ్ళిపోతుంది, కారు వెళ్ళిపోతుంది. అది నాకు తెలుసు. వారపత్రిక పేజీ తిరగడం ఆగింది. అది కూడా నాకు తెలుసు.

“మా బాబాయి,” అన్నాను.

నా గొంతు ఎప్పుడూ అంత స్పష్టంగా పలకలేదు. బడిలో పాఠం అప్పజెప్పినప్పుడు కూడా చివరి బెంచీ దాకా వినపడేది కాదు. ఆ రోజు చివరి గది దాకా వినపడింది.

“పిల్లలు చెప్పాక ఇంకేముంది,” అని మేడం ఫొటోలు సర్దేసింది. కాగితం మీద బాబాయి చేత సంతకం పెట్టించుకుంది. నాన్న సంతకంలో చివర ఒక తోక ఉంటుంది. అది కూడా పడింది. ఆవిడ పలక అందిస్తూ, “జాగ్రత్తగా నడపండి. ఇది ఐదేళ్ళకి. ఏడాదికోసారి నేనే వచ్చి ఇంట్లో అందరినీ చూసి వెళ్తాను,” అంది.

“మూడు నెలలన్నారు కదమ్మా?” అంది నాన్నమ్మ.

“మూడు నెలలు పరీక్షకండీ. పలక ఐదేళ్ళకి.”

మేడం చెప్పులేసుకుని బస్‌స్టాపు వైపు నడిచివెళ్ళింది. నాన్నమ్మ చాలాసేపు గుమ్మంలోనే నిలబడి, “సరేలే. ఐదేళ్ళెంతలో తిరుగుతాయి,” అంది. ఎవరితో అందో తెలియదు. బాబాయి పలక పట్టుకుని కారు దగ్గరికి వెళ్ళాడు. అమ్మ కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతోంది.

నేను అనుకున్నది అనుకున్నట్టే చేశాను. మధ్య గది దాటి చివరి గది దగ్గరికి వెళ్ళాను. తలుపు అప్పటికి సగం దగ్గరగా వేసి ఉంది. లోపల నాన్న అద్దం ముందు నిలబడి పాపిడి పక్కకి దువ్వుకుంటున్నాడు.

“నాన్నా,” అన్నాను. గట్టిగానే అన్నాను.

దువ్వెన ఆగలేదు.

“నాన్నా, పలక వచ్చింది. ఇంక పిలవచ్చు. నాన్నమ్మ చెప్పింది కదా, పలక వచ్చాక…”

నాన్న దువ్వెన పెట్టేసి తలుపు దగ్గరికి వచ్చాడు. నన్ను చూశాడు, రెండు కళ్ళతోనూ, తల ఏ పక్కకీ తిప్పకుండా. కోపం లేదు. నా జడ చివర పట్టుకుని మెల్లగా ఒకసారి లాగాడు.

వీధిలోంచి బానెట్ మీద రెండుసార్లు తట్టిన చప్పుడు వచ్చింది. వెంటనే కేక. “పిట్టా! ఆ స్క్రూడ్రైవర్ ఇలా పట్రా.”

“వెళ్ళండి మేడం గారూ,” అన్నాడు. “మీ నాన్న పిలుస్తున్నాడు.”

తలుపు వేసుకున్నాడు.